సముద్రపు జున్ను

నాగర్‌కర్నూల్‌లో నర్సింగ్ చదివే ఆడపిల్లలు మొన్న నన్ను వాళ్ల కాలేజీకి పిలిచారు. శాలువా కప్పి, పండ్లబుట్ట ఒళ్లో పెట్టి, మైకు చేతికిచ్చారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంది ముందు వరుసలో కూర్చున్న పిల్ల. పాముకాటో, పురుగుమందో, కల్తీకల్లో చెబుతానని ఎదురుచూస్తున్నట్టున్నారు. ఆ మూడూ మా జిల్లాల్లో నర్సుకు రోజూ ఉండేవే. "జెల్లీచేప కుట్టిన కేసు" అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు తిక్క రేగింది. నా కోపం సంగతి నాకు తెలుసు గనుక ఇంకేమీ అనకుండా మైకు పక్కన పెట్టి, రెండు మంచి మాటలు చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆ పిల్లల తప్పేమీ లేదనిపించింది. ఇక్కడ పుట్టినవాళ్లు నీళ్లంటే చెరువు చూస్తారు, బోరు చూస్తారు, బాగా దూరం పోతే కృష్ణ చూస్తారు. జెల్లీచేప వాళ్లకు టీవీలో కనిపించే రంగుల బొమ్మ. పాలమూరు నర్సు దాని కేసు చెబుతానంటే నవ్వక ఏం చేస్తారు? అయినా నవ్వారు కదా. ఆ నవ్వుకు శిక్ష అనుకోండి, ఇది చివరిదాకా చదవండి.

మాది ఉప్పునుంతల. నర్సింగ్ పాసయ్యాక సర్కారు కొలువు కోసం చూసి చూసి కండ్లు కాయలు కాచాయి. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఏండ్ల తరబడి అరిగిపోయాను. చివరికి తూర్పున సముద్రం ఒడ్డున కరెంటు తయారుచేసే ఒక కంపెనీలో పని దొరికింది. ఫస్ట్ ఎయిడ్ గదికి నర్సు కావాలన్నారు. నా చదువు చూసి తీసుకున్నారని మొదట మురిసిపోయాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. అక్కడ మట్టి మోసేవాళ్లూ కాలువలు తోడేవాళ్లూ అంతా మన పాలమూరు కూలీలే. వాళ్ల భాష అక్కడి డాక్టర్లకు పట్టుబడదు. "మీ వాళ్ల మాట మీకైతే అర్థమవుతుంది కదండీ" అన్నాడు నన్ను తీసుకున్న సేఫ్టీ ఆఫీసరు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

మన దగ్గర వలస కూలీలను మనుషుల లెక్కన మాట్లాడుకోరు. జోడీల లెక్కన మాట్లాడుకుంటారు. మొగుడూ పెండ్లామూ కలిసి ఒక జోడి. కూలీలను కుదిర్చి తెచ్చే గుంపు మేస్త్రి మొగవాడి పేరు చెబుతాడు, పెండ్లాం అందులోనే వచ్చినట్టు. ఎడ్లకైనా రెండింటికీ రెండు పేర్లుంటాయి. ఈ ఏర్పాటు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్నే కాబట్టి నాకూ మొదట్లో అందులో వింతేమీ కనిపించలేదు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు మొగవాళ్లు పలికేవాళ్లు. ఆడవాళ్లు అప్పటికి రేకుల షెడ్ల దగ్గర పొయ్యి ఊదుతుండేవాళ్లు.

అమరచింత నుంచి వచ్చిన గుంపులో ఒక కొత్త జోడి ఉండేది. పెండ్లయి ఎక్కువ కాలం కాలేదు. మొగుడు నల్లగా, పొడుగ్గా, ఒక్క మాట మాట్లాడడానికి రెండు గడియలు ఆలోచించే రకం. ఆమె అందుకు సరిగ్గా తిరగేసిన రకం. సముద్రం చూసిన మొదటి రోజే నడుం మీద చేతులు పెట్టుకుని, "గిన్ని నీళ్లు మా ఊర్ల ఉంటే మేం ఈడికెందుకు వస్తుంటిమి? ఉన్నకాడ తాగరాకపాయె, తాగేకాడ లేకపాయె" అని సముద్రాన్నే తిట్టింది. తాగే నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. ఒక్కో పొయ్యికి ఇన్ని కుండలని ఇచ్చేవాళ్లు. ఆ కుండలను ఆడవాళ్లు చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవాళ్లు. చేతులు కడగడానికి ఒక్క గ్లాసు ఎక్కువ వాడినా కొట్లాటే.

ఒకరోజు ఆమె కుంటుకుంటూ నా గదికి వచ్చింది. మడమ మీద బొబ్బ చితికి ఉంది. కాళ్లకు మొగవాళ్ల రబ్బరు బూట్లు. లోపల పాత చీర పీలికలు కుక్కుకుంది.

"ఏందమ్మా, మొగని బూట్లు తొడుక్కొని ఊరేగుతున్నవు?" అని ఆటపట్టించాను.

"నేనడిగిన్నా సిస్టరక్కా? జోడికి ఒకటే జత ఇచ్చిండ్రు. నువ్వేసుకో అంటే ఇనడు. మాటలు తక్కువ, తోసుడు ఎక్కువ. బూట్లు నా దిక్కు తోసి గట్లనే బురదలకు పోయిండు. బువ్వ కాడ గూడ గంతే, తన తలెల ఉన్న కూర ముక్క నా తలెలకు తోస్తడు. వద్దు అంటే మల్ల తోస్తడు. ఏం మనిషో ఏమో."

తిడుతున్నట్టే చెప్పింది గానీ మొహం వెలిగిపోతోంది. పట్టీ కట్టి పంపించి, నేను నేరుగా సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి పోయాను. ఇద్దరు మనుషులకు ఒకే జత బూట్లేమిటని అడిగాను. "జోడికి ఒకటే సిస్టర్ గారూ, స్టోరు రూలు అది" అన్నాడు. రెండో మనిషికి కాళ్లు లేవా అని అడిగాను. నవ్వి, టీ తెప్పించాడు. ఏదైనా గట్టిగా అడిగినప్పుడల్లా టీ తెప్పించేవాడు. నా ఉద్యోగమంతా అట్లా ఎన్ని టీలు తాగానో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కరెంటు యంత్రాలు వేడెక్కకుండా సముద్రపు నీళ్లను ఒక పెద్ద కాలువ గుండా లోపలికి తీసుకుంటారు. కాలువ మొదట్లో ఇనుప జాలీలు ఉంటాయి. కొట్టుకొచ్చే చెత్తా, నాచూ అక్కడ ఆగుతాయి. ఏడాదిలో ఒక కాలంలో జెల్లీచేపలు మందలు మందలుగా వచ్చి ఆ జాలీకి అడ్డం పడతాయి. నీళ్లు ఆగితే యంత్రాలు ఆగుతాయి, యంత్రాలు ఆగితే పెద్ద పెద్దవాళ్ల ఫోన్లు మోగుతాయి. అప్పుడు మనవాళ్లు దిగి, ఆ ముద్దలను పారలతో గంపలకు ఎత్తి ఒడ్డున పారబోయాలి. తెల్లగా, మెత్తగా, పట్టుకుంటే జారిపోతూ ఉంటాయని మనవాళ్లు వాటికి జున్ను అని పేరు పెట్టుకున్నారు. "ఇయ్యాల జున్ను మస్తుగ వచ్చింది" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు.

మీరు నర్సులు కాబోతున్నారు కాబట్టి ఇది మాత్రం శ్రద్ధగా వినండి. ఆ ముద్దకు మెదడు లేదు, ఎముక లేదు, మన మీద పగ లేదు. దాని కింద వేలాడే దారాల్లో కంటికి కనిపించనంత చిన్న విషపు ముండ్లు చుట్టుకుని ఉంటాయి. తగిలితే చాలు, విచ్చుకుని దిగుతాయి. ముద్ద చచ్చి ఒడ్డున పడి ఉన్నా, దారం తెగి విడిగా తేలుతున్నా వాటి పని అవి చేస్తాయి. చాలా రకాలు మంటా, దురదా పెట్టి వదిలేస్తాయి. కొన్ని రకాలు అసలు ఏమీ చేయవు. ఏవో కొన్ని రకాలు మాత్రం, ఒంటికి ఎక్కువగా చుట్టుకుంటే, దవాఖానకు చేరేలోపే గుండెను ఆపేస్తాయి. గంపలో అన్నీ కలిసి ఉన్నప్పుడు ఏది ఏ రకమో ఎవరు చూడొచ్చారు? కుట్టినచోట రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. చర్మానికి అంటుకుని ఇంకా విచ్చుకోని ముండ్లు మంచినీళ్లు తగిలితే విచ్చుకుంటాయి. సముద్రపు నీళ్లతోనే కడగాలి. ఆ చంపే రకానికైతే సిర్కా పోయాలి, మీరు వెనిగర్ అంటారే, అది.

ఆ సిర్కా కోసం నేను పడ్డ పాట్లు చెబితే మళ్లీ నవ్వుతారు. స్టోరు వాళ్లు "వంట సామాను మెడికల్ కింద రాదు" అన్నారు. క్యాంటీన్ వాళ్లు "మందులు మా కింద రావు" అన్నారు. ఆఫీసరు టీ తెప్పించాడు. చివరికి బజారుకు పోయి నేనే కొనుక్కొచ్చి గదిలో పెట్టుకున్నాను.

జున్ను రావడం మొదలైన వారం, సోమవారం పొద్దున జరిగే సేఫ్టీ క్లాసులో ఈ సంగతులన్నీ నేనే చెప్పాను. ప్రమాదం అనే మాట వాడొద్దని ఆఫీసరు ముందే చెవిలో చెప్పాడు. "లేబర్ బెదిరిపోతారండీ. అది ఉత్త నీళ్ల ముద్దే కదా. జాగ్రత్త అని చెప్పండి చాలు" అన్నాడు. నేను వాడాను. మనవాళ్ల మాటలోనే, కండ్లు పెద్దవి చేసి, చేతులూపి చెప్పాను. మంచినీళ్లు పోయొద్దు, రుద్దొద్దు అని వాళ్ల చేత తిరిగి చెప్పించాను. పేర్లు పిలిచిన మొగవాళ్లంతా ఉన్నారు. అమరచింత పొడుగాయన ముందు వరుసలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, మాట్లాడకుండా తలూపాడు.

ఆడవాళ్లు ఒక్కరూ లేరు.

"గంపలు మోసేది ఆడోళ్లే గద. వాళ్లనెందుకు పిలువలే?" అని మేస్త్రిని అడిగాను. ఆయనదీ అమరచింతే.

"సిస్టరక్కా, ఆడోళ్లు వచ్చి క్లాసుల కూసుంటే బువ్వ ఎవరొండుతరు? పని ఆలిశమైతే నన్ను తిడ్తరు" అన్నాడు.

ఆఫీసరు అందుకున్నాడు. "ఆడవాళ్లకి వాళ్ల మొగుళ్లు చెప్పుకుంటారులెండి సిస్టర్ గారూ. జోడీ అంటే అదే కదా."

మొగుళ్లు చెప్పుకుంటారట! పొద్దంతా ఉప్పునీళ్లలో నాని, సాయంత్రం షెడ్డులోకి వచ్చి ఒళ్లు వాల్చే మనిషి, పెండ్లాన్ని కూర్చోబెట్టి పాఠం చెబుతాడట. అందులోనూ ఆ పొడుగాయన! గొడవ పడ్డాను. సరే, వచ్చే సోమవారం ఆడవాళ్లకు వేరే క్లాసు పెడదాం అన్నాడు ఆఫీసరు. ఆ సోమవారం వచ్చేలోపే అంతా అయిపోయింది.

ఆ రోజు పొద్దున జాలీ దగ్గర జున్ను బాగా పేరుకుంది. పొడుగాయన నిక్కరు మీద, ఉత్త కాళ్లతో జాలీ ముందరి గుంతలోకి దిగి ముద్దలు ఎత్తుతున్నాడు. బూట్లు వేసుకున్న పెండ్లాం గట్టు మీద గంప అందుకుంటోంది. నీళ్లలో తెగి తేలుతున్న దారాలు ఎట్లా వచ్చాయో ఏమో, రెండు తొడలకూ చుట్టుకున్నాయి. నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆయన పెట్టిన కేక నా గదిదాకా వినిపించింది.

సిర్కా సీసా పట్టుకుని ఉరికాను. మోకాళ్లు అప్పటికే సహకరించని వయసు నాది. నేను చేరేసరికి ఆయన్ను గట్టు మీద పడుకోబెట్టారు. తొడల మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలాయి. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కుండలో నీళ్లు కాళ్ల మీద కుమ్మరిస్తూ, కొంగుతో గట్టిగా రుద్దుతోంది. మన ఇంటి దగ్గర తేలు కుట్టినా, మంట పుట్టినా మనం చేసేది అదే కదా. కుండ దాదాపు ఖాళీ అయింది. పొయ్యి దగ్గర దాచుకుని, అప్పుడు షెడ్డుకు ఉరికి తెచ్చిన మంచినీళ్లు అవి.

"నీళ్లు పోయకు! రుద్దకు!" అని అరిచాను.

ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది. సిర్కా పోశాను. సముద్రపు నీళ్లతో కడిగి, అంటుకున్న దారాలను గుడ్డ చుట్టిన చేతితో తీశాను. ఆయన పెదవులు నీలం తిరుగుతున్నాయి. ఊపిరి అందడం లేదు. కండ్లు మాత్రం ఆమె మీదే ఉన్నాయి. బండి వచ్చింది, ఎక్కించాం. దారిలో గుండె ఆగింది. దవాఖాన గేటు దాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. అక్కడి డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి చాలమ్మా అన్నాడు.

ఆ దవాఖాన వరండాలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఆఫీసరు వచ్చాడు. ఆమె గోడకు ఆనుకుని, ఇంకా ఆ బూట్లతోనే కూర్చుని ఉంది. మేస్త్రీ, గుంపు మనుషులూ చుట్టూ నిలబడ్డారు. ఆఫీసరు నన్ను పక్కకు పిలిచి, "జెల్లీచేపకి మనిషి పోవటం ఏంటండీ? గుండె జబ్బేదో ముందే ఉండుంటుంది" అన్నాడు. ఆ వయసు మనిషికి, రోజూ అన్ని గంపలు ఎత్తే మనిషికి గుండె జబ్బట. లేదు సార్ అని గట్టిగా అన్నాను. అప్పుడు గుంపు వైపు తిరిగి అందరూ వినేటట్టు చెప్పాడు.

"చూడండమ్మా, మేము క్లాసు పెట్టి మరీ చెప్పాం. మంచినీళ్లు పోయకూడదు, రుద్దకూడదు అని. బూట్లు కూడా ఇచ్చాం. ఆయన వేసుకోలేదు. ఈవిడేమో నీళ్లు పోసింది. ఇంక కంపెనీ ఏం చేస్తుంది?"

"సార్, ఈమె పేరు ఏ క్లాసుల పిలిచిండ్రు?" అన్నాను. నాకు కోపం వస్తే భాష తిరిగి ఉప్పునుంతలకు పోతుంది.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ సిస్టర్ గారూ" అన్నాడు.

ఆమె మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. సముద్రాన్నే తిట్టిన నోరు అది. తన రెండు చేతులనూ వేరే ఎవరివో చూసినట్టు చూసుకుంటూ కూర్చుంది.

పోస్టుమార్టం అయ్యాక శవాన్ని బండిలో ఊరికి పంపారు. మేస్త్రీ, గుంపులో కొందరూ బయల్దేరి, నువ్వూ తోడు రావాలని పట్టుబట్టారు, వెళ్లాను. ఆమె దారి పొడుగునా నీళ్లు ముట్టలేదు. నేను సీసా ఇస్తే పక్కన పెట్టింది. గద్వాల దాటేసరికి తెల్లవారింది. అమరచింతలో బండి దిగేసరికి ఊరంతా అక్కడే ఉంది. మాకన్నా ముందే ఆఫీసరు మాట మేస్త్రి ఫోనులో ఊరికి చేరింది. జనం శవాన్ని చూసినదానికన్నా ఆమెను ఎక్కువగా చూశారు.

పూడ్చే ముందు ఆఖరి స్నానం చేయిస్తారు కదా. ఇంటి ముందు మంచం వేసి, నీళ్లు తోడి పెట్టారు. అయినవాళ్లు తలా ఒక చెంబు పోస్తారు, ముందు పెండ్లాం పోయాలన్నారు. ఎవరో ఆమె చేతిలో చెంబు పెట్టారు. ఆమె దాన్ని కింద పెట్టింది. మళ్లీ పెట్టారు. మళ్లీ కింద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది. ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. ఎంత పొగరని ఎవరో అన్నారు. బతికుండంగనే పోసింది గద, ఇంకెందుకు పోస్తదని ఇంకెవరో అన్నారు. ఆ మాట అన్న నోరు ఎవరిదో చూద్దామని తిరిగాను గానీ కనిపించలేదు. అట్లాంటి నోళ్లు ఎప్పుడూ వెనక వరుసలోనే ఉంటాయి.

అత్త నా ముందుకొచ్చి నిలబడింది. ముసలి మనిషి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"బిడ్డా, నువ్వు దవాఖాన దానివి. ఉన్నదున్నట్టు చెప్పు. నా కోడలు నీళ్లు పోసి నా కొడుకును సంపిందంట, నిజమేనా?"

అబద్ధం చెబుదామనిపించింది. నీళ్లకూ చావుకూ సంబంధమే లేదని ఒక్క మాట అంటే పోయేదేముంది? కానీ ఆ గుంపులో సగం మంది మళ్లీ అదే కాలువకు పోయేవాళ్లే. నేను ఇక్కడ నీళ్లతో ఏమీ కాదని చెబితే, రేపు అక్కడ ఇంకొకామె కుండ ఎత్తుతుంది.

"అందరు ఇనుండ్రి" అన్నాను. "మంచినీళ్లు పోస్తే ఎక్కువైతది. అది నిజమే. నీళ్లు పోయకుంటే బతికెటోడా అంటే, అది నాకు తెల్వదు, ఏ డాక్టరుకూ తెల్వదు. రెండు కాళ్లకూ చుట్టుకున్నది. గంత విషం మస్తు. ఇంకో నిజం గూడ ఉన్నది, అది మీకెవరూ చెప్పలే. నీళ్లు పోయొద్దు అని మొగోళ్లను కూసోబెట్టి చెప్పినం. ఆడోళ్లను పిలువలే. నేనడిగితే గూడ పిలువలే. ఎందుకు పిలువలేదో మీ మేస్త్రి ఈడనే ఉన్నడు, అడుగుండ్రి. బూట్లు జోడికి ఒకటే జత ఇచ్చిండ్రు. అవి ఈమె కాళ్లకు ఎట్ల వచ్చినయో గూడ అడుగుండ్రి."

మేస్త్రి నేల చూశాడు. నీ కోడలి తప్పేమీ లేదవ్వా అని ముసలామెకు చెప్పబోతుంటే, వెనక నుంచి ఆ కోడలి గొంతే వినిపించింది. రెండు రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"సిస్టరక్కా, గా క్లాసుల ఆయన ఉండెనా?"

"ఉండె. ముంగటనే కూసున్నడు."

"అయితే నీళ్లు పోయొద్దని ఆయనకెర్కే."

ఆమె ఏం అడుగుతోందో నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఎర్కేనని చెప్పాను.

ఆమె మంచం మీద ఉన్న మనిషిని చూస్తూ చెప్పింది. "నా చెయ్యి తోసిండు సిస్టరక్కా. నోట్ల మాట రాకపాయె. నేను కుండ వంచుతుంటే తోసిండు. మల్ల వంచితే మల్ల తోసిండు. ఎప్పుడు తోసినట్టే అనుకున్న. తాగే నీళ్లు నా మీద ఎందుకు పారబోస్తవు, నీకుండనియ్యి అంటుండు అనుకున్న. కూర ముక్క తోసినట్టే అనుకున్న. ఊకో, నాకొద్దు నీళ్లు, నీకన్న ఎక్కువనా అని నేనే కొట్లాడి పోసిన. చెయ్యి గట్టిగ పట్టుకొని పోసిన."

వెనక వరుసలో నోళ్లు మూతపడ్డాయి. నా సర్వీసులో ఎన్ని చావులు చూశానో నాకే తెలియదు. ఏడవలేదు. ఆ రోజు మాత్రం అంతమంది ముందర, వచ్చిన పని మరిచి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆమె చెంబు ముట్టలేదు. ఎవరూ మళ్లీ చేతిలో పెట్టలేదు. అత్త కోడలి వైపు చూసి, తన చెంబు తను పోసింది. తర్వాత ఇంకొక చెంబు ముంచి, "ఇది దానిది రా" అని కొడుకుతో చెప్పి పోసింది.

నేను తిరిగి డ్యూటీకి వెళ్లాను. కంపెనీ గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు ఉండేది, ప్రమాదం జరగకుండా ఎన్ని రోజులు గడిచాయో చెప్పే బోర్డు. ఏదైనా జరిగితే దాన్ని సున్నా చేయాలి. నేను వెళ్లేసరికి అంకె ఎప్పటిలాగే పెరుగుతోంది. ఆయనది గుండెపోటట, ప్రమాదం కాదట. పోస్టుమార్టం కాగితంలో ఏముందని అడిగితే అది పై ఆఫీసుకు పోయిందన్నారు. పై ఆఫీసుకు రాస్తే చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారనుకుంటాను, నేను రిటైరయి వచ్చేదాకా జవాబు రాలేదు. ఆఫీసరు ముందుకన్నా మర్యాదగా టీ తెప్పించాడు. ఆ టీ మాత్రం నేను తాగలేదు. ఆడవాళ్ల క్లాసు ఏమైందని అడిగితే, ఇప్పుడు పెడితే మనం తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది కదండీ అన్నాడు. నేనే పొయ్యిల దగ్గర తిరుగుతూ, పొగలో దగ్గుకుంటూ, ఒక్కొక్కరికి చెప్పుకుంటూ వచ్చాను. సగం మంది వినేవాళ్లు, సగం మంది అన్నం మాడుతోందని లేచిపోయేవాళ్లు.

మరుసటి ఏడు అమరచింత గుంపు మళ్లీ వచ్చింది. అందులో ఆమె ఉంది. ఒంటి ఆడదాన్ని ఏ గుంపూ తీసుకోదు గనుక తమ్ముణ్ణి జోడి చేసుకుని వచ్చింది. ఆ కాలువకే ఎందుకొచ్చావమ్మా అని అడిగాను. "యాడికి పోతే ఏంది సిస్టరక్కా, పొట్ట అన్ని కాడ ఒకటే" అంది. బాగా చిక్కిపోయింది. సముద్రం వైపు చూడనైనా చూడలేదు.

జున్ను వచ్చే కాలం మొదలయ్యాక సోమవారం క్లాసు పెట్టారు. ఆఫీసరు పేర్లు పిలుస్తున్నాడు, మొగవాళ్లు పలుకుతున్నారు. నేను చెప్పడానికి లేచేసరికి రేకుల షెడ్ల వైపు నుంచి ఆడవాళ్లు వస్తూ కనిపించారు. ఒక్కరిద్దరు కాదు, గుంపులో ఉన్న ఆడవాళ్లంతా వచ్చారు. చేతులకు పిండి అంటుకున్నవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు, ఊదుగొట్టం చేతిలోనే పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. అందరికన్నా ముందు ఆమె ఉంది. వచ్చి ముందు వరుసలో, పోయినేడు ఆయన కూర్చున్న చోటే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆఫీసరు కంగారుపడి, "ఏంటమ్మా ఇదంతా? మీ పేర్లు పిలవలేదు కదా" అన్నాడు.

"పోయినేడు గూడ పిలువలే సార్" అంది ఆమె. "గందుకే వచ్చిన."

నేను చెప్పడం మొదలుపెట్టాను. క్లాసు అయ్యేసరికి పొయ్యిల మీద అన్నం మాడిపోయింది. ఆ పూట అందరూ మాడిన అన్నమే తిన్నారు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.